డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికి గంటలో ఇంటికొచ్చేశాను: నా అనుభవం

ముందే చెప్పేస్తున్నా, ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. అలాగని పోలీసులు నన్ను ఎంత ఇబ్బంది పెట్టారో అని ఏడ్చే సంగతీ కాదు. వాళ్ళు నన్ను ఆపారు, మర్యాదగానే మాట్లాడారు, కేసు రాశారు, గంట తిరిగేసరికి ఇంటికి పంపేశారు. నా గోలంతా ఆ పంపేయడం గురించే.

ఆఫీసులో ఒక పెద్దాయన రిటైర్మెంట్ పార్టీ. నేను రోజూ తాగేవాణ్ణి కాదు, ఎప్పుడైనా ఇలాంటి పార్టీల్లో తప్ప. రాత్రి ఎనిమిదింటికి మొదలైతే పన్నెండు దాటాక లేచాం. ఎవరైనా అడిగితే నాలుగు పెగ్గులని చెప్పేవాణ్ణి, నిజానికి ఐదు. ఐదోది లేచి నిలబడి, గ్లాసులో వదిలేయడం ఎందుకులే అని ఒక్క గుక్కలో దింపేసింది. ఆ గుక్క సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

కారు తీశాను. ఎందుకు తీశానంటే నా దగ్గర జవాబు లేదు. ఇంటికి పది నిమిషాల దూరం, రోజూ వెళ్ళే దారి, రోడ్డంతా ఖాళీ. మలుపు తిరిగేసరికి బారికేడ్లు, ఎర్ర లైట్లు, ముందు ఓ ఏడెనిమిది బళ్ళు. వెనక్కి తిప్పుదామంటే వెనకాల ఇంకో బండి. గబగబా ఒక చూయింగ్ గమ్ నోట్లో వేసుకున్నాను, అందరూ వేసుకున్నట్టే. దాని వల్ల ఏమీ కాదని తర్వాత తెలిసింది. మెషిన్ చూసేది నోటి వాసన కాదు, ఊపిరితిత్తుల లోపలి నుంచి వచ్చే గాలిలో ఎంత ఆల్కహాల్ ఉందో. రక్తంలో తిరిగే మందు ఊపిరితిత్తుల దగ్గర గాలిలోకి వస్తుంది. ఒక మిల్లీలీటరు రక్తంలో ఎంత ఉంటుందో 2,100 మిల్లీలీటర్ల ఊపిరిలో దాదాపు అంత ఉంటుందని లెక్క పెట్టుకుని ఆ మెషిన్లు చేస్తారు. అందుకే "ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా" అని ఆపకుండా ఊదిస్తారు. పైపైన ఊదితే లోపలి గాలి రాదు.

ఊదాను. 118.

అంటే వంద మిల్లీలీటర్ల రక్తానికి 118 మిల్లీగ్రాములు. ఆ క్షణంలో నాకు ఆ అంకె అర్థం కాలేదు, బీపీ లాగా వినిపించింది. తర్వాత కూర్చుని చూసుకున్నాను. ఇండియాలో చట్టం గీసిన గీత 30. స్కాట్లాండ్‌లో 2014 నుంచి 50. ఇంగ్లండ్‌లో 80. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లో 80, యూటా ఒక్కటి 2018 ఆఖర్లో 50కి దించుకుంది. వీటిలో ఏ గీత పక్కన నిలబెట్టినా నేను దొరికేవాణ్ణే, కొన్నిచోట్ల చాలా గట్టిగా దొరికేవాణ్ణి.

అప్పుడు మాత్రం వాదన పెట్టుకున్నాను. "సార్, మెషిన్ తప్పు చూపిస్తోంది, నేను అంత తాగలేదు, ఇంకోసారి ఊదుతా." ఎస్సై గారికి ఇలాంటివాళ్ళు అలవాటే అనుకుంటా, "అట్లాగే, పక్కన నిలబడండి" అన్నారు. ఓ పావుగంట పోయాక కొత్త పైపు పెట్టి ఊదించారు. ఈసారి 121. వెనక నిలబడ్డ కుర్రాడు కిసుక్కున నవ్వాడు. అదీ ఆ ఆఖరి గుక్క పని. కడుపులోది రక్తంలోకి ఎక్కడానికి టైమ్ పడుతుంది, చివరి గ్లాసు తర్వాత అరగంట నుంచి గంటన్నర దాకా అంకె పెరుగుతూనే ఉండొచ్చు. అంటే నన్ను పట్టుకున్నప్పుడు ఉన్నదానికంటే, నన్ను వదిలేసినప్పుడు నేను ఎక్కువ మత్తులో ఉన్నాను. ఈ ఒక్క విషయం బుర్రకెక్కాక మిగతాదంతా నాకు వేరేగా కనిపించడం మొదలైంది.

తర్వాతి పని చకచకా జరిగిపోయింది. ఫొటో తీశారు, కాగితం మీద సంతకం పెట్టించారు, కారు పక్కకు పెట్టించి తాళం తీసుకున్నారు. "ఫోన్ చేసి ఎవరినైనా పిలిపించుకోండి, వచ్చినవాళ్ళతో పాటు వెళ్ళిపోవచ్చు, కోర్టు డేట్ మెసేజ్ వస్తుంది" అన్నారు. ఎవరూ రానివాళ్ళు అక్కడే ఫుట్‌పాత్ మీద కూర్చున్నారు. ఒకాయన మోకాళ్ళ మీద తలపెట్టుకుని నిద్రపోతున్నాడు. ఇంకో కుర్రాడు ఇంట్లో తెలిస్తే చంపేస్తారని ఏడుస్తున్నాడు. పాపం అనిపించింది, నాకేదో వేరే హోదా ఉన్నట్టు.

మా ఆవిడ, పిల్లలు వాళ్ళ అమ్మగారింట్లో ఉన్నారు. అంచేత మా వాడికే ఫోన్ చేశాను. వాడు ఎవడనుకున్నారు, అదే పార్టీలో నా పక్క కుర్చీలో కూర్చున్నవాడు. వాడు వేరే దారిలో వెళ్ళి దొరకలేదు, అంతే తేడా. పదిహేను నిమిషాల్లో బైక్ వేసుకుని వచ్చేశాడు. "మీరు తాగారా?" అని అడిగారు. వాడు రెండడుగులు దూరంగా నిలబడి, మొహం పక్కకు పెట్టి "లేదు సార్" అన్నాడు. అవతల లైన్ పెరుగుతోంది, మెషిన్ ఒక్కటే ఉంది, ఎవరికి ఓపిక? కాగితం మీద వాడి చేత ఒక సంతకం పెట్టించుకుని నన్ను అప్పగించారు. తాగినవాణ్ణి తాగినవాడికి అప్పగించడం, అదీ బైక్ మీద. దారిలో మేమిద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే కడుపులో తిప్పుతుంది గానీ ఆ రాత్రి అది నిజంగా నవ్వొచ్చే విషయంలాగే ఉంది.

ఇంటికి వచ్చేసరికి రెండు కావస్తోంది. మా వాడు కాఫీ కలిపిచ్చాడు, "ఇది తాగు, దిగిపోద్ది" అని. ఇదొకటి. కాఫీతో దిగుతుంది, చన్నీళ్ళ స్నానంతో దిగుతుంది, వాంతి చేసుకుంటే దిగుతుంది అని మనం చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. రక్తంలోకి వెళ్ళిపోయిన మందును లివర్ తన వేగంలో తాను కాల్చుకోవాల్సిందే. స్వీడన్‌కు చెందిన విడ్‌మార్క్ అనే శాస్త్రవేత్త 1930ల్లోనే దీని లెక్క కట్టాడు. మనిషిని బట్టి గంటకు 10 నుంచి 20 మిల్లీగ్రాముల దాకా తగ్గుతుంది, సగటున 15 అనుకోవచ్చు. కాఫీ దాన్ని ఒక్క మిల్లీగ్రాము కూడా తొందరపెట్టదు. కాఫీ చేసేది ఏమిటంటే నిద్ర ఆపడం. మత్తు అలాగే ఉంటుంది, నిద్ర మాత్రం పోతుంది. నా విషయంలో జరిగింది అచ్చంగా అదే. నిద్ర వచ్చి ఉంటే పడుకుని ఉండేవాణ్ణి, ఈ సంగతి రాసే పనే ఉండేది కాదు.

మా వాడు వెళ్ళిపోయాడు. ఒక్కణ్ణే ఉన్నాను, మెలకువగా, అవమానంగా, కోపంగా. మూడింటికి గుర్తొచ్చింది, లాప్‌టాప్ బ్యాగు కారులోనే ఉండిపోయింది. పొద్దున తొమ్మిదింటికి మీటింగ్, చూపించాల్సిందంతా అందులోనే ఉంది. ఇక్కడ నా బుర్ర ఎలా పనిచేసిందో ఉన్నదున్నట్టు రాస్తాను, ఎందుకంటే తాగినవాడి బుర్ర ఎంత తర్కంగా పనిచేస్తుందో బయటివాళ్ళకు తెలియదు. మొహం కడుక్కున్నాను. హాల్లో టైల్స్ గీత మీద అడుగులో అడుగు వేసి నడిచి చూసుకున్నాను, నిటారుగానే నడిచాను అనిపించింది. "రెండు గంటలు అయింది, కాఫీ తాగాను, ఓకే" అనుకున్నాను. కారు సీజ్ అయింది కాబట్టి కారు నడపకూడదు, మా ఆవిడ స్కూటర్ సీజ్ కాలేదు కాబట్టి స్కూటర్ నడపొచ్చు. ఇదీ నా న్యాయశాస్త్రం. బండి నడపొద్దన్నది నాకు కాదు, ఆ కారుకు అన్నట్టు అర్థమైంది నాకు.

లెక్క చూడండి. పన్నెండూ యాభై ప్రాంతంలో 121. ఇంకొంచెం పెరిగి ఉంటుంది, పోనీ పెరగలేదనే అనుకుందాం. మూడింటికి రెండు గంటల పైచిలుకు, ముప్పై తగ్గినా తొంభై పైన. ఇంగ్లండ్ గీత కంటే కూడా పైనే ఉండి స్కూటర్ ఎక్కాను.

చెక్ పాయింట్ దాకా కూడా వెళ్ళలేదు. రెండో మలుపులో ఆకుల కుప్ప, దాని పక్కన నారింజ రంగు జాకెట్. కనిపించింది, కనిపించలేదని చెప్పను. కనిపించడానికీ అది మనిషి అని తెలియడానికీ మధ్య ఎంతసేపు పట్టిందో అదే సమస్య. రోడ్డు ఊడ్చే ఆమె, చీపురు వదిలేసి పక్కకు దూకింది. నేను బ్రేక్ కొట్టాను, ఆకుల మీద బండి జారింది, చీపురు కర్ర ముందు చక్రం కింద పటక్‌మని విరిగింది. ఆ చప్పుడు విని ఒక క్షణం పాటు అది చీపురు అని నాకు తెలియదు. ఆ క్షణం గురించి ఇంతకంటే ఎక్కువ రాయలేను.

మోచెయ్యి, మోకాలు గీసుకుపోయాయి, అంతే. ఆమె వచ్చి, తిట్టకుండా, "దెబ్బ తగిలిందా బాబూ?" అంది. మా అమ్మ కంటే నాలుగైదేళ్ళు చిన్నదేమో. నేను లేచి సారీ సారీ అంటున్నాను, దగ్గరికి వచ్చేసరికి ఆమెకు వాసన తెలిసిపోయింది. ఏమీ మాట్లాడలేదు. వంగి స్కూటర్ తాళం తీసి, కొంగున ముడేసుకుని, ముడి నడుముకు దోపుకుంది. "ఇక్కడ కూచో. తెల్లారాక ఇస్తా."

నేను బతిమాలాను. ఇల్లు పక్కనే అన్నాను, నెమ్మదిగా వెళ్తానన్నాను, ఆఖరికి పర్సు కూడా తీశాను. "తాళం నీదే కదా బాబూ, నీ తాళం నువ్వే కొనుక్కుంటావా? కూచో." అలాగే విరిగిన చీపురు పుల్లలు ఏరి, కర్ర చివర ఇంకో గుడ్డముక్కతో కట్టుకుని ఊడవడం మొదలుపెట్టింది. ఆమెకు అధికారం లేదు, యూనిఫాం మీద నక్షత్రాలు లేవు, నా చేయి పట్టుకుని కూర్చోబెట్టలేదు. అయినా కూర్చున్నాను, ఆమె చెత్త బండి పక్కన, గట్టు మీద.

పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒకసారి వచ్చి "బాబూ, నిద్రపోతున్నావా? లే. నీ పేరేంది?" అని అడిగేది. చెప్పేవాణ్ణి. మళ్ళీ వచ్చేది, మళ్ళీ పేరు అడిగేది. మూడోసారో నాలుగోసారో విసుగొచ్చి "ఎన్నిసార్లు చెప్పాలమ్మా?" అన్నాను. "చెప్పలేవేమో అని అడుగుతున్నా" అంది. కాసేపాగి, "మా తమ్ముడు ఇట్లాగే పడుకుంటే తాగి పడుకున్నాడనే అనుకున్నాం. తలకు దెబ్బ తగిలిందని తెల్లారాక తెలిసింది" అంది. తర్వాత ఏమైందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

తెల్లగా తెల్లవారి, ఆమె పని అయిపోయి, చెత్త బండి తోసుకుపోయే టైముకు కొంగు ముడి విప్పి తాళం ఇచ్చింది. ఆరున్నర దాటింది. "ఎక్కి పోబాకు, తోసుకుంటా పో" అంది. తోసుకుంటూ వెళ్ళాను, సిగ్గుతో. కానీ ఆమె చెప్పింది అక్షరాలా కరెక్టు. 121 నుంచి గంటకు 15 చొప్పున తగ్గించుకుంటూ రండి, ఆరున్నరకు ఇంకా 30కి పైనే ఉంటాను. రాత్రి తాగి పొద్దున్నే ఫ్రెష్‌గా స్నానం చేసి ఆఫీసుకు బండి మీద వెళ్ళేవాళ్ళు ఒకసారి ఈ తీసివేత చేసి చూసుకోండి. మీటింగ్ సంగతి అడగకండి.

ఆ తర్వాత కౌన్సెలింగ్, కోర్టు, జరిమానా, కొన్ని నెలల పాటు లైసెన్స్ రద్దు. అవన్నీ రాసే ఓపిక లేదు, ఎవరి అనుభవం చదివినా అలాగే ఉంటుంది, లైన్లో నిలబడటం, పేరు పిలవడం, తల దించుకోవడం. ఒక్క మాట మాత్రం రాయాలి. కౌన్సెలింగ్ అయ్యాక అక్కడి అధికారిని అడిగాను, "సార్, ఆ రాత్రి నన్ను ఎందుకు వదిలేశారు?" ఆయన నా వైపు వింతగా చూశారు, ఎవరూ అడగని ప్రశ్న కదా. ఆయన చెప్పింది ఇదీ: శనివారం రాత్రి ఒక్క పాయింట్‌లో ముప్పై నలభై మంది దొరుకుతారు, స్టేషన్‌లో లాకప్ గదులు రెండు. అందులో మందు తాగినవాణ్ణి పడుకోబెడితే రాత్రంతా ఎవరు చూడాలి? వాంతి గొంతుకు అడ్డం పడి పోతే ఎవరి మెడకు చుట్టుకుంటుంది? "మీవాళ్ళు వచ్చి తీసుకుపోతే మాకూ మంచిదే, మీకూ మంచిదే." ఆయన మాటలో అబద్ధం లేదు. నిజంగానే తాగి వెల్లకిలా పడుకున్నవాడు వాంతితో ఊపిరాడక పోతాడు. తలకు దెబ్బ తగిలినవాడు తాగినట్టే మాట్లాడతాడు. షుగర్ ఉన్నవాడికి షుగర్ పడిపోతే తూలతాడు, నాలుక తడబడుతుంది. అదే షుగర్ బాగా పెరిగిపోతే ఊపిరిలో కుళ్ళిన పండు లాంటి వాసన కూడా వస్తుంది. వాళ్ళను "మత్తు దిగుతుందిలే" అని గదిలో పడేసి తాళం వేస్తే పొద్దున్నే తలుపు తీసేటప్పుడు ఏం చూడాల్సి వస్తుందో.

కాబట్టి "తాగి నడిపినవాణ్ణి మత్తు దిగేదాకా లోపల ఉంచాలా?" అని ఎవరైనా అడిగితే నేను ఉంచాలనే అంటాను, నన్ను ఉంచి ఉండాల్సింది. కానీ ఎలా ఉంచుతారు అన్నది రెండో ప్రశ్న, అది మొదటిదానికంటే పెద్దది.

లైసెన్స్ లేని నెలల్లో బస్సులో కూర్చుని ఫోన్‌లో వేరే దేశాల చట్టాలు చదివాను, మా ఆవిడ "ఈ పిచ్చేంటి" అనేదాకా. బ్రిటన్‌లో 1988 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టం పదో సెక్షన్ ఒక మాట అంటుంది: ఈ మనిషి ఇప్పుడు బండి ఎక్కితే మళ్ళీ నేరమే అవుతుంది అనిపించినంతసేపూ స్టేషన్‌లో ఉంచొచ్చు. వెంటనే ఒక మినహాయింపు కూడా ఉంది, అతను బండి నడిపే అవకాశమే లేదనిపిస్తే ఉంచకూడదు. మొదటిసారి చదివినప్పుడు ఎంత సబబుగా ఉంది అనుకున్నాను, రెండోసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. నేను నడపనని ఆ రాత్రి ఎస్సై గారికి ఎంత నమ్మకంగా చెప్పానో, అందులో ఇసుమంత అబద్ధం కూడా లేదు. ఒంటిగంటకు నిజంగానే నాకు నడిపే ఉద్దేశం లేదు. మూడింటికి వచ్చింది. తాగినవాడి మాటకు గడువు ఉంటుంది, అది వాడికే తెలియదు.

అదే బ్రిటన్‌లో కస్టడీ నియమాల్లో ఇంకోటి ఉంది, అది చదివినప్పుడు మాత్రం బస్సులో నా స్టాప్ దాటిపోయింది. మత్తులో ఉన్నవాణ్ణి లోపల ఉంచితే కనీసం అరగంటకోసారి వెళ్ళి లేపాలి, ఊరికే కిటికీలోంచి చూస్తే సరిపోదు. లేస్తున్నాడా, పేరు చెప్పగలుగుతున్నాడా, ఎక్కడున్నాడో తెలుస్తోందా అని చూడాలి. "బాబూ, నీ పేరేంది?" ఆ రూల్ ఆమెకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఆమె ఇంట్లో ఒక మనిషి విషయంలో తెలుసుకుంది.

ఇంకోటి అమెరికాలోని న్యూజెర్సీది. 2000 జులై 22న జాన్ ఇలియట్ అనే కుర్రాడు, నేవీ అకాడమీ నుంచి అప్పుడే బయటికొచ్చిన ఆఫీసర్, అమ్మ పుట్టినరోజుకని ఇంటికి వెళ్తుంటే ఎదురుగా వచ్చిన తాగుబోతు బండి గుద్ది చనిపోయాడు. ఆ బండి నడిపినవాణ్ణి అంతకు కొన్ని గంటల ముందే పోలీసులు తాగి నడిపినందుకు పట్టుకున్నారు. స్నేహితుణ్ణి పిలిపించి అప్పగించారు. ఆ స్నేహితుడు తిన్నగా అతని బండి దగ్గరికే తీసుకెళ్ళి దించాడు. ఆ గుద్దులో తాగి నడిపినవాడూ పోయాడు. ఇది చదువుతుంటే నాకు మా వాడి బైక్, మా నవ్వులు గుర్తొచ్చి ఫోన్ పక్కన పెట్టేశాను. ఆ కుర్రాడి తల్లిదండ్రులు ఊరుకోలేదు, 2001లో అక్కడ చట్టం వచ్చింది, అతని పేరుతోనే పిలుస్తారు. దాని ప్రకారం తాగి దొరికితే బండిని 12 గంటల పాటు ఇవ్వరు. విడిపించుకుపోవడానికి వచ్చినవాడికి, ఇతన్ని మళ్ళీ బండి ఎక్కనిస్తే నీ మీదికి కూడా కేసు రావచ్చు అని రాసిన కాగితం ఇచ్చి సంతకం తీసుకుంటారు. తర్వాత అదే రాష్ట్రంలో, కావాలనుకున్న పట్టణాలు మనిషిని కూడా మత్తు తగ్గేదాకా ఆపి ఉంచే వీలు కల్పించారు, ఎనిమిది గంటలకు మించకుండా. అక్కడి గీత కూడా నాకు నచ్చింది, నడపడానికి పరిమితి 80 అయినా వదలడానికి మాత్రం 50 కంటే దిగాలి.

ఇండియా చట్టంలో చూస్తే 1988 మోటారు వాహనాల చట్టం 202వ సెక్షన్ వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చంటుంది గానీ, రెండు గంటల్లోగా డాక్టరు పరీక్ష జరగకపోతే వదిలేయాలి. ఆ రెండు గంటలు మనిషిని ఊరికే పట్టుకెళ్ళి కూర్చోబెట్టకుండా పెట్టిన కాపలా, అది మంచిదే. మత్తు దిగడానికి పట్టే టైముతో మాత్రం దానికి సంబంధం లేదు. రెండు గంటల్లో నా 121, బాగా తగ్గితే 80 అవుతుంది.

నేను ఇలా అంటే మా బావమరిది ఒకటే మాట: "పోలీసులకు అంత పవర్ ఇస్తే ఇక చూసుకో, వాళ్ళకు నచ్చనివాణ్ణి మత్తు దిగలేదని పొద్దుటిదాకా కూర్చోబెడతారు." అతను చెప్పేది తీసిపారేసేది కాదు. అందుకే నేను అనేది, "మత్తు దిగినట్టు కనిపించేదాకా" అని ఎక్కడా ఉండకూడదు, అంకె ఉండాలి. చూపుతో తేల్చడం మొదలుపెడితే రోజూ తాగేవాడు గెలుస్తాడు, వాడు 150 దగ్గర కూడా తిన్నగా నిలబడి నమస్కారం పెడతాడు. ఎప్పుడో ఒకసారి తాగేవాడు 50కే తూలతాడు. గంటకోసారి ఊదించాలి, అంకె కాగితం మీద రాయాలి, ఆ కాగితం కాపీ ఆ మనిషి చేతికివ్వాలి, గీత కిందకు రాగానే తలుపు తెరవాలి, రాకపోయినా ఫలానా గంటలకు మించి ఆపకూడదు. లాకప్ అక్కర్లేదు, కుర్చీలు, నీళ్ళు, ఒక టాయిలెట్, నిద్రపోని ఒక మనిషి చాలు. ఆడవాళ్ళయితే ఆ మనిషి ఆడమనిషే ఉండాలి, అది వేరే చెప్పాలా.

అందరినీ ఉంచాలని కూడా నేను అనను. 35 వచ్చినవాణ్ణి భార్య వచ్చి, ఆమె కూడా ఊది సున్నా చూపించి, తీసుకెళ్తానంటే ఆపి ఏం చేస్తారు? పంపేయండి. కానీ వచ్చినవాళ్ళ చేత ఊదించండి. అదొక్కటీ ఆ రాత్రి జరిగి ఉంటే మా వాడు కూడా నా పక్కనే ఫుట్‌పాత్ మీద కూర్చునేవాడు, ఇద్దరం పొద్దున్నే నడుచుకుంటూ ఇంటికి వెళ్ళేవాళ్ళం. "కోర్టు చెప్పకుండా ఇదెలా, ఇది శిక్షే కదా" అంటారు కొందరు. కారు ఆపేసినప్పుడు ఎవరూ ఆ మాట అనలేదు, మరి కారు తనంతట తాను వెళ్ళి ఎవరినీ గుద్దదు కదా.

రెండు వారాలకు కొత్త చీపురు ఒకటి కొనుక్కుని ఆ మలుపు దగ్గరికి తెల్లవారుజామున నడిచి వెళ్ళాను. వేరే ఆమె ఊడుస్తోంది. ఇంతకు ముందు ఉన్నామెను ఇంకో ఏరియాకు మార్చారంది. ఎందుకు అడుగుతున్నావంటే ఏం చెప్పాలో తెలియక, చీపురు ఆమెకే ఇచ్చేశాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఇల్లు ఊడ్చే చీపురు బాబూ, రోడ్డుకు పనికిరాదు అంది.

కేసు కాగితాల జిరాక్స్ ఇప్పటికీ బీరువాలో ఉంది. మొన్న ఇంకేదో వెతుకుతుంటే బయటపడింది. కింద "అప్పగించుకున్న వ్యక్తి సంతకం" అని ఒక చిన్న డబ్బా ఉంది. మా వాడి సంతకం ఆ డబ్బాలో మొదలై, పక్క గీత దాటి, కిందికి జారి, నా పేరు మీదుగా పోయి కాగితం అంచు దగ్గర ఆగింది. ఫొటో తీసి వాడికి పంపాను. చాలాసేపటికి రిప్లై వచ్చింది: "డబ్బా ఎక్కడుందో కనిపించలేదు రా ఆ రోజు."